నాలుగో పడక

మా గదిలో పడకలు నాలుగు, మనుషులం ముగ్గురం. ఇంత చిన్న లెక్క ఆ ఓడవాళ్ళకి తేలడానికి మూడు రోజులు పట్టింది. తప్పు వాళ్ళది కాదు, నాది.

గది అంటే గొప్పగా ఊహించుకోవద్దు. ఐదు అడుగులు వేస్తే అవతలి గోడ తగులుతుంది. కింద రెండు పడకలు, వాటి పైన గోడలోంచి విప్పి దించే పడకలు రెండు, పైకెక్కడానికి ఇద్దరికీ కలిపి ఒకే నిచ్చెన. కిటికీ లేదు. కిటికీ ఉండాల్సిన చోట సముద్రం ఫొటో ఒకటి తగిలించి, దానికి పరదా కూడా కట్టారు. మా అక్క పొద్దున లేవగానే ఆ పరదా తీసి ఫొటో చూసి, "ఇవాళ సముద్రం బాగుందే" అనేది. స్నానాల గది తలుపు తెరవాలంటే కింద కూర్చున్నవాళ్ళు కాళ్ళు పైకి ముడుచుకోవాలి. ఒకరు చీర కట్టుకుంటుంటే మిగతా ఇద్దరూ గోడకేసి తిరగాలి. యాభై దాటిన ముగ్గురు ఆడవాళ్ళం, ఆరు మోకాళ్ళూ నొప్పులే. అందులో అక్క గురక ఒకటి.

ఆ గదిలో ఎవరికీ అడ్డం రాకుండా ఇమిడిపోయింది మా వదిన ఒక్కతే. నేను చెప్పాలనుకుంటున్నది ఆవిడ గురించే. మధ్యలో నా సంగతి ఎక్కువైతే, అది నా నోటి దురద అనుకోండి.

వదిన ఒక పెద్దాసుపత్రి లాండ్రీలో పాతికేళ్ళుగా పనిచేస్తోంది. లాండ్రీ మధ్యలో గోడ ఉంటుంది. ఇటువైపు మాసినవి, అటువైపు ఉతికినవి. మొదటి ఆరేళ్ళూ మాసినవాటి వైపు వేశారు, తరవాత ఉతికినవాటి వైపు మార్చారు. అటువైపు పొడుగాటి రోలరు యంత్రం ఉంటుంది. తడి దుప్పటి ఒక పక్కనుంచి అందిస్తే రెండో పక్కన ఇస్త్రీ అయి వేడివేడిగా వస్తుంది. ఇద్దరు చెరో కొసా పట్టుకుని, ఒకరికొకరు ఎదురు నడిచి మడతపెట్టాలి. పదేసి ఒక కట్ట. నెత్తుటి మరకని చన్నీళ్ళలోనే నానబెట్టాలి, వేడినీళ్ళు పోస్తే ఇంక జన్మలో పోదు. ఏ దుప్పటి మీద ఏం జరిగి ఉంటుందో ఆవిడకి చూడగానే తెలుస్తుంది. ఇంట్లో ఎవరైనా అడిగితే మాత్రం, "దుప్పటేగా" అని ఊరుకుంటుంది.

మా అన్నయ్య బాయిలర్ మెకానిక్కు. ఆ రోలరు చెడిపోతే బాగుచెయ్యడానికి వెళ్ళి అక్కడ ఆవిడని చూశాడు. ఇంటికొచ్చి అక్కతో అన్నాడు: "రెండు గంటలు ఆ యంత్రం కింద పడుకునున్నానక్కా. పక్క బల్ల దగ్గర ఆవిడ రెండు గంటలూ మడతలు పెడుతూనే ఉంది. ఒక్క మాట మాట్లాడలేదు. పెళ్ళంటూ చేసుకుంటే అలాంటి మనిషినే చేసుకోవాలి." మా ఇంట్లో పెరిగినవాడికి ఆ కోరిక పుట్టడంలో వింత లేదు. అక్క బడిలో కుట్లు నేర్పే టీచరు, ముప్పయ్యేళ్ళు పిల్లల మీద అరిచి రిటైరైంది. నేను బస్టాండులో మైకు ముందు కూర్చుని ఏ బస్సు ఏ ప్లాట్‌ఫారం మీదికి వస్తుందో చెబుతాను. అన్నయ్య నన్ను "మైకూ" అనే పిలిచేవాడు.

మొదట్లో వదినంటే నాకు గిట్టేది కాదు. ఆ మౌనం చూసి పొగరనుకున్నాను. తరవాత నా కాపురం చెడి, ఒక పెట్టెతో అన్నయ్య ఇంటికి తిరిగొచ్చాను. తలుపు తీసింది వదినే. ఏమైందని అడగలేదు. వెనక గదిలో పక్క వేసి, దిండు గలీబు మార్చి, "పడుకో అమ్మాయ్" అంది. ఎన్నాళ్ళుంటావని కూడా అడగలేదు. పదకొండేళ్ళైంది, ఇంతవరకు అడగలేదు.

ఓడ ఎక్కాలన్న ముచ్చట అన్నయ్యది. పిల్లా జెల్లా లేని ఇల్లు కదా, నలుగురం కలిసి ఒక్కసారైనా నీళ్ళ మీద తిరిగిరావాలని మూడేళ్ళుగా పాడిందే పాడేవాడు. నలుగురికీ కలిపి ఒకే గది తీసుకున్నాడు. "కిటికీ లేదట, పరవాలేదు, మైకు మాట్లాడుతుంటే గాలి అదే వస్తుంది" అన్నాడు. ప్రయాణం ఆరు వారాలుందనగా ఒక సోమవారం పనిలో గుండె నొప్పి వచ్చింది. వదిన పనిచేసే ఆసుపత్రికే తీసుకెళ్ళారు. గురువారం పొద్దున పోయాడు.

ఆ కబురు వచ్చినప్పుడు నేను మైకు ముందున్నాను. రావాల్సిన బస్సు నంబరు చెప్పాను, ప్లాట్‌ఫారం నంబరు చెప్పాను, రెండోసారి కూడా చెప్పాను. షిఫ్టు పూర్తి చేసి వెళ్ళాను. అందరికీ ఫోన్లు చేసి చెప్పింది అక్క. బస్టాండులో మావాళ్ళకి ఎవరో చెప్పేశారు. నేను ఎవరికీ చెప్పాల్సిన అవసరం పడలేదు.

వదిన ఏడవలేదు. తొమ్మిదో రోజున పనికి వెళ్ళిపోయింది. ఆ వార్డు దుప్పట్లు వచ్చేది ఆవిడ చేతిలోకే. అన్నయ్య పడుకున్న దుప్పటి కూడా ఏదో ఒక రోజు ఆవిడే మడిచి ఉంటుంది. ఆ సంగతి నేను అడగలేదు, ఆవిడ చెప్పలేదు. చుట్టాలంతా అక్కని పక్కకి పిలిచి ఒకటే మాట: "ఆ పిల్ల ఏడవాలి, ఎలాగైనా ఏడిపించండి, లేకపోతే మనిషి దక్కదు." నాకూ అదే భయం పట్టుకుంది. ఆవిడ ముందు ఎవరూ అన్నయ్య పోయిన మాట ఎత్తకుండా నేను కాపలా కాసేదాన్ని. గాజు సామాను ఉన్న గదిలో తిరిగినట్టు తిరిగేదాన్ని. నాకైతే ఏమీ అనిపించేది కాదు. తిమ్మిరెక్కిన కాలు మీద నిలబడినట్టు ఉండేది, అంతే.

టికెట్లు వెనక్కి తీసుకోరని తెలిశాక అక్క అంది: "వాడు కోరి చేయించినవి. వెళ్దాం. గాలి మారితే ఆ పిల్ల తనంతట తనే ఏడుస్తుంది." వదిన "సరే" అంది. ఆవిడ దేనికైనా సరే అనే అంటోంది ఆ రోజుల్లో. నాలుగో పేరు కొట్టేయించే పని నాకు అప్పజెప్పారు. ఫోన్ చేశాను. అవతలి మనిషి మర్యాదగానే, "కారణం ఏమిటండీ?" అని అడిగాడు. ఫోన్ పెట్టేశాను. లైను దొరకలేదని అక్కతో చెప్పాను.

ఓడ ఎక్కేచోట నా అలవాటు కొద్దీ నేనే ముందు నిలబడ్డాను. జనాన్ని లైన్లో పెట్టడం నాకు పుట్టుకతో వచ్చిన విద్య. నాలుగు కాగితాలూ ఒకే కట్టగా అందించాను. వెనకాల అక్క పెట్టె చక్రం ఊడి తోపులాటగా ఉంది. గుమాస్తా కాగితాలు లెక్కపెట్టాడు గానీ తలలు లెక్కపెట్టలేదు. నలుగురం ఎక్కినట్టు నాలుగు టిక్కులు పెట్టేశాడు.

ఆ సాయంత్రం, ప్రమాదం వస్తే ఏం చెయ్యాలో నేర్పే డ్రిల్లు. అందరం లైఫ్ జాకెట్లు తగిలించుకుని డెక్కు మీద వరసగా నిలబడ్డాం. తెల్ల యూనిఫాం వేసుకున్న ఆఫీసరమ్మ ఒకావిడ గది నంబర్లు పిలుస్తూ వచ్చింది. మా దగ్గర ఆగింది.

"మీరు నలుగురు కదా. నాలుగో ఆయన ఏరి?"

వదిన నా పక్కనే వంగి అక్క జాకెట్టు పట్టీ బిగిస్తోంది. అక్క నోరు తెరవబోయింది. నేను అడ్డం వచ్చాను.

"మా అన్నయ్యకి తలనొప్పిగా ఉందండీ. గదిలో పడుకున్నాడు."

"రేపు ఆయనకి విడిగా చెప్పాలి మేము. ఓడలో ఒక్క మనిషి లెక్క కూడా వదలకూడదు" అంటూ ఏదో రాసుకుని వెళ్ళిపోయింది. వదిన చెయ్యి పట్టీ మీద ఒక్క క్షణం ఆగింది, మళ్ళీ బిగించింది.

"ఏం కూత కూశావే?" అంది అక్క, వదిన అటు వెళ్ళగానే.

"వదిన ముందు ఇంకేం చెప్పమంటావు?" అన్నాను.

ఒక్క అబద్ధానికి ఎంత చాకిరీ ఉంటుందో అప్పటిదాకా నాకు తెలియదు. గదులు సర్దే మనిషి నెరిసిన మీసాలాయన, మంచివాడు, అదే నా ప్రాణం మీదికి వచ్చింది. అన్నయ్యకి బాగాలేదని విని మర్నాడు పొద్దున్నే సూపు, కాల్చిన రొట్టెలు పళ్ళెంలో పెట్టుకుని తెచ్చాడు. "స్నానం చేస్తున్నారు" అన్నాను. మధ్యాహ్నం మళ్ళీ తెచ్చాడు. "ఇప్పుడే గాలికి డెక్కు మీదికి వెళ్ళారు" అన్నాను. రోగి తిన్న పళ్ళెం ఖాళీగా వెళ్ళాలి కదా, అక్క తింది. మొదటిసారి నన్ను తిడుతూ తింది. సాయంత్రానికి, "ఉప్పు తక్కువైందని చెప్పవే" అంది. రెండుసార్లు డ్రిల్లు ఆఫీసరమ్మ కబురు పంపింది. రెండుసార్లూ ఇంకా లేవలేకపోతున్నాడని చెప్పించాను.

వదిన ఇవేవీ పట్టించుకున్నట్టు కనపడలేదు. ఆ ఇరుకులో మేమిద్దరం ఒకరినొకరు మోచేతులతో పొడుచుకుంటుంటే, ఆవిడ మాత్రం మేము లేచేలోపల స్నానం ముగించి, తన పక్క సర్ది, చెప్పులు గోడకి ఆనించి, కాళ్ళు పైకి ముడుచుకుని కూర్చునేది. నేను స్నానాల గదిలోకి వెళ్ళబోతుంటే అడగకుండానే తలుపుకి దారి వచ్చేది. "వదినా, నీ తువ్వాలు ఇక్కడ ఉండిపోయింది" అని ఆవిడ అక్కని పిలిచేది. "వదినా, సబ్బెక్కడ?" అని నేను ఆవిడని పిలిచేదాన్ని. ఈ వదినలెవరో, వరసలేమిటో ఆ మీసాలాయనకి చివరిదాకా అంతుపట్టలేదు.

నా పడక పైన. ఎదురుగా అన్నయ్య పడక, దాని కింద వదిన. తెల్ల దుప్పటి నలగకుండా పరిచి ఉండేది. నేను గోడవైపు తిరిగి పడుకునేదాన్ని.

మూడోరోజు పొద్దున స్నానానికి వెళ్ళి, తువ్వాలు మరిచిపోయి తలుపు ఓరగా తీశాను. అక్క కాఫీకి వెళ్ళిపోయింది. వదిన నిచ్చెన మీద రెండో మెట్టెక్కి నిలబడి ఉంది. అన్నయ్య దుప్పటి కొస పట్టి లాగింది. దిండు మధ్యలో గుద్ది గుంట చేసింది. దుప్పటి ఒక పక్కకి తోసి, మనిషి లేచి వెళ్ళినట్టు మడత విరిచి వదిలేసింది. పాతికేళ్ళు దుప్పట్ల ముడతలు తీసిన మనిషి, ముడతలు పెడుతోంది. నేను చప్పుడు చెయ్యకుండా తలుపు మూసేశాను. తడి ఒంటితో అలాగే నిలబడ్డాను. వదినకి మతి చెడింది అనుకున్నాను. అయిపోయింది, చుట్టాలు భయపడినంతా అయిపోయింది.

డెక్కు మీద అక్కని పట్టుకుని చెప్పాను. అక్క కాఫీ కప్పు కింద పెట్టేసింది.

"అంటే వాడు ఇక్కడే ఉన్నాడనుకుంటోందా?"

"అలాగే ఉంది."

"అయితే ఇంక ఈ నాటకం చాలు. ఆ ఆఫీసరమ్మ దగ్గరికి వెళ్ళి ఉన్నది ఉన్నట్టు చెప్పెయ్. నువ్వు మొదలుపెట్టావు, నువ్వే తెంపాలి."

"నువ్వు చెప్పక్కా."

"ఊరంతటికీ నేనే చెప్పాను. ఒక్కరికి నువ్వు చెప్పలేవూ?" అక్క కళ్ళు తుడుచుకుంది. అక్కకి ఏడుపు తేలిగ్గా వస్తుంది, నాకు అసూయగా ఉండేది.

సాయంత్రం చెబుతానన్నాను. ఆవేళ ఓడ ఒక దీవి దగ్గర ఆగింది. దిగేవాళ్ళు మెట్ల దగ్గర తలకొక ఇత్తడి బిళ్ళ తీసుకోవాలి, తిరిగి ఎక్కేటప్పుడు ఇచ్చెయ్యాలి. బిళ్ళ రాకపోతే మనిషి రానట్టు. కాపలా అతను గది నంబరు అడిగాడు. చెప్పాను. మా గది నంబరు కొక్కేనికున్న నాలుగు బిళ్ళలూ గుత్తిగా తీసి నా చేతిలో పెట్టాడు. నలుగురి టికెట్లూ, నలుగురి మందులూ, నలుగురి తాళాలూ ఎప్పుడూ నా సంచీలోనే. గుత్తి సంచీలో పడేసుకుని దిగిపోయాను. రెండు అడుగులు వేశాక కూడా తట్టలేదు.

దీవిలో ఏం చూశామో అడక్కండి. ఇసుక ఉంది, గొడుగులు ఉన్నాయి. అక్క గవ్వలు ఏరింది. వదిన చెప్పులు చేత్తో పట్టుకుని నీళ్ళ అంచున నిలబడింది. ఆవిడ ముందుకి ఒక్క అడుగు వేస్తే నేనూ వెనకాలే వేసేదాన్ని.

నాలుగింటికి తిరిగి ఎక్కేటప్పుడు బిళ్ళలు ఒక్కొక్కరి చేతినుంచి తీసుకుంటున్నారు. గుత్తి విప్పి అక్కకీ వదినకీ చెరొకటి అందించాను. అక్క ఇచ్చింది, వదిన ఇచ్చింది, నేను ఇచ్చాను. నా చేతిలో ఇంకొకటి మిగిలింది.

"ఇది ఎవరిదండీ?" అన్నాడు కాపలా అతను.

"పొరపాటున తీసుకున్నాను. ఆయన దిగలేదు. గదిలోనే ఉన్నారు."

అతను మీసాలాయన్ని పిలిపించాడు. మీసాలాయన ముఖం పాలిపోయింది. "గదిలో ఎవరూ లేరు. మధ్యాహ్నం సర్దడానికి వెళ్ళినప్పుడూ లేరు. నిజానికి మూడు రోజులుగా నేను ఆయన్ని కళ్ళతో చూడనేలేదు. పక్క మాత్రం రోజూ నలిగి ఉంటోంది" అన్నాడు.

పది నిమిషాల్లో ఆఫీసరమ్మ, ఓడ డాక్టరు మా గదికి వచ్చారు. మా ఐదుగురితోనే ఆ గది నిండిపోయి, మీసాలాయన తలుపులో నిలబడ్డాడు. ఆయన వెనక నడవాలో జనం మూగారు. ఓడ బయలుదేరడం ఆపేశారు. ఆఫీసరమ్మ వదినని చూసి, చాలా మెల్లగా మాట్లాడింది.

"అమ్మా, కంగారు పడకండి. మీవారు దీవిలో ఉండిపోయారో, నీళ్ళలో ఏమైనా... మాకు తెలియాలి. ఇద్దర్ని దీవి మీదికి పంపుతున్నాం. పడవలు దించి మనం వచ్చిన దారంతా వెతికించాలి. చెప్పండి, ఆయన్ని చివరిసారి ఎప్పుడు చూశారు?"

ఆ మనిషి వదినని అలాంటి ప్రశ్న అడిగిందంటే ఇంక ఆవిడ అక్కడికక్కడే విరిగిపోతుందని, దానికి కారణం నేనేనని అనుకున్నాను. అక్క నా వీపు మీద పొడిచింది.

"ఆయన... డెక్కు మీద... పొద్దున కాసేపు..." అన్నాను నేను.

వదిన నాకేసి తిరిగింది. అంత దగ్గరగా ఆవిడ ముఖం చూసి చాలా కాలమైంది. మతి చెడిన మనిషి ముఖం కాదు అది. అలసిపోయిన ముఖం.

"అమ్మాయ్, పడవలు దించుతారట" అంది.

"వదినా..."

"చెప్పెయ్."

"నువ్వు ఆ పక్క..."

"నలిపింది నేనే. ఆయన పడుకుంటాడని కాదు. నువ్వు దొరికిపోతావని." ఆవిడ గొంతులో కోపం లేదు, ఏమీ లేదు. "నీ మాట నిలబెడదామని చూశాను. ఇప్పుడు సముద్రంలో వెతుకుతామంటున్నారు. నేను చెప్పగలను. కానీ నేను చెబితే నువ్వు మళ్ళీ విననట్టే ఉంటావు. నువ్వే చెప్పు."

ఆఫీసరమ్మ ఒకసారి ఆవిడనీ ఒకసారి నన్నూ చూసింది. గదిలో ఎవరూ కదలలేదు, కదిలే చోటూ లేదు.

"మా అన్నయ్య ఓడ ఎక్కలేదండీ" అన్నాను.

"మరి ఎక్కడున్నారు?"

రోజుకి మూడొందల సార్లు తెరిచి మూసే నోరు. తెరిచాను. రాలేదు. మళ్ళీ తెరిచాను.

"చనిపోయాడు. ఆరు వారాలైంది. గురువారం. నేను డ్యూటీలో ఉన్నాను." ఆగుదామనుకున్నాను గానీ ఆగలేదు. "మా అన్నయ్య చనిపోయాడండీ. ఆయన కోసం వెతక్కండి."

ఆఫీసరమ్మ తన జాబితా కాగితం తీసింది. నన్ను తిడుతుందనుకున్నాను, తిట్టాల్సిందే. కాగితం మీద నాలుగు అంకె కొట్టేసి మూడు వేసింది, నాచేత సంతకం పెట్టించింది. పడవలు దించొద్దని చెప్పి రమ్మని మీసాలాయన్ని పరిగెత్తించింది. ఆ పని అయ్యాక నా భుజం మీద చెయ్యి వేసి, "రేపు కెప్టెన్ గారు పిలుస్తారు, ఆయన కోప్పడతారు, పడండి" అని వెళ్ళిపోయింది. డాక్టరు కూడా వెళ్ళాడు. అక్క తలుపు వేసి గొళ్ళెం పెట్టింది.

నేను వదిన పక్కన కూలబడ్డాను. "నీకేమైనా అవుతుందని భయపడ్డాను వదినా. నువ్వు ఒక్కసారైనా ఏడవలేదు. అందుకే ఎవరినీ ఆ మాట అననివ్వలేదు."

"ఇంట్లో ఉన్నది మనిద్దరం, నువ్వు రోజూ మూడు కప్పుల కాఫీ కలుపుతున్నావు" అంది వదిన. "నువ్వు బస్టాండుకి వెళ్ళాక మూడోది నేను పారబోస్తున్నాను. ఆయన చొక్కాలు తీద్దామంటే, వానాకాలం తరవాత చూద్దాం అంటావు. నా ముందు ఆయన బయటికి వెళ్ళినట్టే మాట్లాడతావు. అలాంటిదానివి, నీ దగ్గర నేను ఎలా ఏడవను? ఇంకెవరున్నారు నాకు?"

మూడో కప్పు సంగతి నిజంగా నాకు తెలియదు. ఆరు వారాలు, రోజూ. చెయ్యి దాని పాటికి అది కలిపేస్తోంది కాబోలు.

కింద ఎక్కడో ఇంజను మొదలైంది. గోడలు సన్నగా వణికాయి. వదిన ముందుకి వంగింది. జబ్బు చేసిందేమో అనుకున్నాను, లేదు, ఏడుస్తోంది. చప్పుడు లేకుండా మొదలై, తరవాత చప్పుడుతో, ఆవిడ నోట ఎప్పుడూ వినని గొంతుతో. అక్క ఎదుటి పడక మీద అలాగే బిగుసుకుపోయింది. నేను ఆవిడ వీపు మీద చెయ్యి వేశాను, తీశాను, మళ్ళీ వేశాను. ఇన్నాళ్ళూ ఈవిడ ఏడిస్తే చాలని ఎదురుచూశాను. ఏడిస్తే నేనేం చెయ్యాలో ఒక్కసారి కూడా ఆలోచించుకోలేదు.